పెద్ద యంత్రమా, చేరగల యంత్రమా?

నగరాల భూగర్భ మురుగు లైన్లను శుభ్రం చేసే లారీ యంత్రాల విషయంలో ఒక కీలక నిర్ణయం నగర పాలక సంస్థల ముందు, వాటికి యంత్రాలు సమకూర్చే చిన్న యజమానుల ముందు నిలిచి ఉంది. హైదరాబాద్‌లో 2017లోను, ఢిల్లీలో 2019లోను పెద్ద సంఖ్యలో రంగంలోకి దిగిన చిన్న జెట్టింగ్ యంత్రాల తొలితరానికి వయసు మీరుతోంది. వాటి స్థానంలో అదే పరిమాణం గల యంత్రాలను కొనాలా, లేక అప్పు పెరిగినా సరే మరింత శక్తిమంతమైన యంత్రాలకు మారాలా అన్నది ప్రశ్న. చూడటానికి ఇది కేవలం వ్యాపార లెక్క. కానీ ఈ వ్యాపారంలో యంత్రం విఫలమైన చోట ఆ పని చేయడానికి ఒక మనిషిని మాన్‌హోల్‌లోకి దింపే దురాచారం ఇంకా సమసిపోలేదు. అందువల్ల ఈ లెక్కలో పొరపాటు జరిగితే నష్టపోయేది యజమాని ఒక్కడే కాడు.

2019 నుంచి 2023 వరకు అయిదేళ్లలో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులను ప్రమాదకర పరిస్థితులలో శుభ్రం చేస్తూ 377 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. వీరిలో ఎక్కువ మందిని బలిగొనేది విషవాయువులే. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది. అది మాన్‌హోల్ అడుగున పేరుకుని ఉంటుంది. స్వల్ప మోతాదులో ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. గాఢత పెరిగినప్పుడు ఆ వాసనను పసిగట్టే శక్తినే మనిషి కోల్పోతాడు. పూడికను కదిలించిన క్షణంలో వాయువు ఒక్కసారిగా వెలువడుతుంది. లోపల పడిపోయిన వ్యక్తిని రక్షించేందుకు దిగిన రెండవ మనిషి, మూడవ మనిషి కూడా ప్రాణాలు కోల్పోయిన ఉదంతాలు దేశంలో అనేకం.

చట్టం చెబుతున్నదేమిటి?

మానవ మలాన్ని మనుషులచేత ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో తొలి చట్టం వచ్చింది. అది ప్రధానంగా పాత తరహా పొడి మరుగుదొడ్లకు సంబంధించినది. 2013 డిసెంబరు 6న అమలులోకి వచ్చిన రెండవ చట్టం మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను కూడా తన పరిధిలోకి తీసుకున్నది. రక్షణ సాధనాలు లేకుండా వాటిలోకి మనిషిని దింపడాన్ని ఆ చట్టంలోని 7వ సెక్షన్ నిషేధించింది. ఆధునిక యంత్ర పరిజ్ఞానాన్ని వినియోగించడం స్థానిక సంస్థల బాధ్యత అని 33వ సెక్షన్ స్పష్టం చేసింది. మొదటిసారి నేరానికి రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

న్యాయస్థానాలు ఈ విషయంలో క్రమంగా కఠిన వైఖరి అవలంబిస్తూ వచ్చాయి. మురుగు కాలువల్లో మరణించిన వారి కుటుంబాలకు పది లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న ఆదేశించింది. 2023 అక్టోబరు 20 నాటి తీర్పులో ఆ మొత్తాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. 2025 జనవరి 29న ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నగరాలలో మనుషులచేత మురుగు కాలువలను శుభ్రం చేయించడాన్ని నిలిపివేయాలని ఆదేశించింది. ఈ ఆదేశాలన్నింటి సారాంశం ఒక్కటే. యంత్రం అందుబాటులో లేదన్న సాకు ఇక చెల్లదు. ఈ నేపథ్యంలో ఎలాంటి యంత్రం కావాలన్న ప్రశ్నకు ఎన్నడూ లేని ప్రాధాన్యం చేకూరింది.

ఒత్తిడి వేరు, ప్రవాహం వేరు

జెట్టింగ్ యంత్రంలో ప్రధాన భాగాలు మూడు. నీళ్ల ట్యాంకు, అధిక పీడనంతో నీటిని నెట్టే పంపు, చక్రానికి చుట్టిన పొడవాటి గొట్టం. గొట్టం చివర ఉక్కు నాజిల్ ఉంటుంది. దాని రంధ్రాలలో ఎక్కువ భాగం వెనుకవైపుకు తిరిగి ఉంటాయి. నీటి ధారలు వెనుకకు చిమ్ముతుంటే నాజిల్ తనంత తానే ముందుకు సాగుతుంది. సాధారణంగా దిగువ మాన్‌హోల్ నుంచి గొట్టాన్ని ఎగువకు పంపుతారు. వెనుకకు లాగేటప్పుడు అవే ధారలు పూడికను ఊడ్చుకుంటూ దిగువ మాన్‌హోల్‌లోకి తెస్తాయి. అక్కడి నుంచి దానిని తొట్టితోనో, పీల్చే పంపుతోనో పైకి తీస్తారు. పూర్వం వెదురు బద్దలతో పొడిచి, ఆపై మనిషి దిగి చేసిన పనిని ఇలా నీటిచేత చేయించడమే ఈ యంత్రం విశిష్టత.

యంత్రం శక్తి అనగానే కొనుగోలుదారులు మొదట అడిగేది పీడనం ఎంత అని. అమ్మకందారులు ఘనంగా చెప్పేదీ అదే. వాస్తవానికి పీడనం గడ్డకట్టిన పూడికను, కొవ్వును పగులగొడుతుంది. పగిలిన దానిని మోసుకుపోయేది నీటి ప్రవాహం. ఒకటి ఉండి రెండవది లేకపోతే పని సగంలో ఆగుతుంది. పీడనం మాత్రమే అధికంగా ఉన్న యంత్రం లైనులో రంధ్రం చేసి నీటికి దారి ఇస్తుంది. ఇసుక, పూడిక మాత్రం అక్కడే మిగులుతాయి. కొద్ది రోజులకే అదే ఇంటి నుంచి అదే ఫిర్యాదు వస్తుంది.

ఈ రెండింటినీ కలిపి చూపే లెక్క సులువైనదే. పీడనాన్ని బార్లలోను, ప్రవాహాన్ని నిమిషానికి లీటర్లలోను తీసుకుని గుణించి 600తో భాగిస్తే నీటికి అందే శక్తి కిలోవాట్లలో వస్తుంది. 150 బార్ల పీడనంతో నిమిషానికి 100 లీటర్లు నెట్టే పంపుకు 25 కిలోవాట్లు కావాలి. అదే పీడనంతో 200 లీటర్లు నెట్టాలంటే 50 కిలోవాట్లు కావాలి. చిన్న వాహనం ఇంజను ఈ రెండవ అవసరాన్ని తీర్చడం కష్టం. అందువల్ల పెద్ద ఛాసిస్ గానీ, పంపుకు ప్రత్యేకంగా మరొక ఇంజను గానీ అవసరమవుతుంది.

పంపు వద్ద కనిపించే పీడనమంతా నాజిల్‌కు చేరదన్నది గమనార్హం. గొట్టంలో ఘర్షణ వల్ల కొంత నష్టమవుతుంది. ఒకే గొట్టంలో ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే ఆ నష్టం దాదాపు నాలుగు రెట్లవుతుంది. 100 లీటర్ల వద్ద 15 బార్లు పోయే గొట్టంలో 200 లీటర్ల వద్ద 60 బార్లు పోతాయి. అంటే పంపును మార్చి గొట్టాన్ని మార్చని యజమాని తాను కొన్న శక్తిలో పెద్ద భాగాన్ని గొట్టం గోడలకే ధారపోస్తున్నాడన్నమాట. లావు గొట్టం తీసుకుంటే చుట్టే చక్రం పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, వాహనం కూడా పెరుగుతుంది. అరిగిన నాజిల్‌ను సకాలంలో మార్చడం, గొట్టం వ్యాసాన్ని సరిచూడడం వంటి చిన్న ఖర్చులతో పాత యంత్రం పనితీరు మెరుగుపడే సందర్భాలూ లేకపోలేదు.

నీళ్లెక్కడివి?

శక్తి పెరిగేకొద్దీ నీటి అవసరం పెరుగుతుంది. 3,000 లీటర్ల ట్యాంకు నిమిషానికి 100 లీటర్ల చొప్పున అరగంట వస్తుంది. 200 లీటర్ల చొప్పున పావుగంటలో ఖాళీ అవుతుంది. రోజుకు మూడు గంటలు పంపు నడిచే యంత్రం మొదటి లెక్కన ఆరు ట్యాంకుల నీరు వాడితే, రెండవ లెక్కన పన్నెండు ట్యాంకులు కావాలి. నీళ్లు నింపే కేంద్రానికి వెళ్లి వచ్చే సమయం, రద్దీలో చిక్కుకునే సమయం కలిస్తే అదనపు శక్తి అంతా రోడ్డు మీదే ఆవిరైపోతుంది. వేసవిలో తాగునీటికే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నగరాలలో ఈ సమస్య మరింత జటిలం.

దీనికి పరిష్కారం లేకపోలేదు. లైనులోని మురుగునీటినే పీల్చి, వడగట్టి, తిరిగి జెట్టింగ్‌కు వాడే రీసైక్లర్ యంత్రాలు కొన్ని మహానగరాలలో వినియోగంలోకి వచ్చాయి. ఇవి నీటిని ఆదా చేస్తాయి, ఒకే చోట గంటల తరబడి పనిచేయగలవు. అయితే వీటి ధర ఎక్కువ, నిర్వహణకు నిపుణులు కావాలి. అన్నింటికీ మించి వీటి ఆకారం భారీగా ఉంటుంది. ప్రధాన రహదారి కింద సాగే పెద్ద లైన్లకు ఇవి ఎంత తగినవో, సందు గొందులలోని చిన్న లైన్లకు అంత తగనివి.

పాత లైన్ల పరిస్థితి మరొక అంశం. కోల్‌కతాలో 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో కట్టిన ఇటుక కాలువలు ఉన్నాయి. 1908 మూసీ వరదల అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య ప్రణాళికతో హైదరాబాద్ మురుగునీటి వ్యవస్థకు పునాది పడింది. ఇటువంటి పాత నగరాలలో ఇటుకల మధ్య సున్నం వదులై, పింగాణీ గొట్టాల అతుకులు సడలి ఉండే అవకాశం ఉంది. అక్కడ మితిమీరిన పీడనం పూడికతో పాటు గొట్టాన్ని కూడా దెబ్బతీయగలదు. కుంగిన రోడ్డును తవ్వి బాగుచేసే ఖర్చు ఏ యంత్రం ఆదా చేసిన సొమ్ముకైనా మించుతుంది.

సందు వెడల్పే కొలమానం

హైదరాబాద్ జలమండలి 2017లో 70 మినీ జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టినప్పుడు ఈ వాస్తవాన్ని గుర్తించింది. అప్పటికే పెద్ద జెట్టింగ్ లారీలు లేకపోలేదు. అవి బస్తీలలోకి, పాత వీధుల్లోకి వెళ్లలేకపోయేవి. తేలికపాటి వాహనంపై చిన్న ట్యాంకు, జెట్టింగ్ పంపు, పూడిక తీసే అమరిక బిగించిన యంత్రాలతో ఆ లోటును పూడ్చే ప్రయత్నం జరిగింది. 2005లో ఏర్పడిన దళిత భారత వాణిజ్య, పారిశ్రామిక మండలి ఇందులో భాగస్వామి అయింది. యంత్రం నడిపే వ్యక్తే దాని యజమాని కావాలన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ ప్రభుత్వం 200 యంత్రాలతో ఇటువంటి పథకాన్నే ప్రారంభించింది. తరతరాలుగా మాన్‌హోల్‌లోకి దిగిన కుటుంబాలవారు మాన్‌హోల్ పక్కన నిలబడి యంత్రం నడిపే స్థితికి రావడం చిన్న మార్పు కాదు.

పొరుగు దేశమైన బంగ్లాదేశ్ అనుభవం కూడా ఇటువంటిదే. 1990 దశకంలో ఐక్యరాజ్యసమితి మానవ ఆవాసాల సంస్థ రూపొందించిన ‘వాకుటగ్’ అనే చిన్న పీల్చే యంత్రాన్ని మొదట కెన్యా రాజధాని నైరోబీలో పరీక్షించారు. దాని తొలి నమూనా ట్యాంకు 500 లీటర్లే. ఆ తరువాత దానిని ఢాకా మురికివాడలలో కూడా వాడారు. లారీ చేరలేని గుడిసెల మధ్యకు అది చేరింది. కానీ నడక వేగంతో కదిలే ఆ యంత్రం నింపుకున్న వ్యర్థాన్ని దూరంగా ఉన్న పారబోసే చోటికి చేర్చేసరికి పొద్దు గడిచిపోయేది. చిన్న యంత్రం సందులోకి వెళ్లాలి, దాని భారాన్ని అందుకునే పెద్ద ట్యాంకర్ సందు మొదట్లో నిలబడాలి అన్నది ఈ అనుభవం నేర్పే పాఠం. చిన్నదానికి పెద్దది ప్రత్యామ్నాయం కాదు. అవి ఒకదానికొకటి తోడు.

యజమాని ఖాతా పుస్తకం

ఇక అప్పు సంగతి. ఉదాహరణకు 40 లక్షల రూపాయల యంత్రానికి 36 లక్షలు అప్పు తీసుకున్నారనుకుందాం. పది శాతం వడ్డీతో ఏడేళ్లలో తీర్చాలంటే నెలసరి వాయిదా సుమారు 59,800 రూపాయలు అవుతుంది. అవే షరతులపై 60 లక్షలు అప్పు చేసి రెట్టింపు శక్తి గల యంత్రం కొంటే వాయిదా సుమారు 99,600 రూపాయలకు చేరుతుంది. నెలకు 25 పని దినాల లెక్కన రోజుకు దాదాపు 1,600 రూపాయల అదనపు భారం. పంపుకు అదనంగా కావలసిన 25 కిలోవాట్లకు గంటకు ఏడు లీటర్లకు పైగా డీజిల్ కాలుతుంది. రోజుకు మూడు గంటల పనికి 22 లీటర్లు, లీటరు 95 రూపాయల చొప్పున సుమారు 2,100 రూపాయలు. మొత్తం మీద రోజుకు 3,700 రూపాయలు అదనంగా సంపాదిస్తే తప్ప కొత్త యంత్రం తన ఖర్చును తాను భరించదు.

ఆ సొమ్ము వస్తుందా, రాదా అన్నది పంపు మీద కంటే కాంట్రాక్టు మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. శుభ్రం చేసిన ప్రతి మీటరుకు చెల్లించే పద్ధతిలో వేగవంతమైన యంత్రానికి ప్రతిఫలం ఉంటుంది. మీటరుకు 20 రూపాయలనుకుంటే రోజుకు 185 మీటర్లు అదనంగా చేయాలి. నెలకు ఇంత అని స్థిరమైన అద్దె చెల్లించే పద్ధతిలో శక్తి పెంచిన యజమానికి దక్కేది ఏమీ లేదు. పైగా మీటరు లెక్కలోనూ ఒక ప్రమాదం పొంచి ఉంది. సులువుగా సాగే వెడల్పాటి రోడ్డు లైన్లను పదే పదే శుభ్రం చేసి, కష్టమైన సందు లైన్లను వదిలేసే ధోరణికి అది తావిస్తుంది. అలా వదిలేసిన సందుల్లోనే మురుగు పొంగుతుంది. అక్కడికే స్థానికులు ఏ కూలీనో పిలిపించి వందల రూపాయలకు లోపలికి దింపుతారు.

ప్రభుత్వ సహాయం కొంత మేరకు ఉపకరిస్తుంది. 2016 ఏప్రిల్ 5న ప్రారంభమైన స్టాండప్ ఇండియా పథకం షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, మహిళలకు పది లక్షల నుంచి కోటి రూపాయల వరకు బ్యాంకు రుణాలకు అవకాశం కల్పించింది. 2023-24లో ఆరంభమైన ‘నమస్తే’ పథకం కింద యంత్రాల కొనుగోలుకు వ్యక్తికి అయిదు లక్షల రూపాయల వరకు, బృందానికి 18.75 లక్షల వరకు మూలధన రాయితీని కేంద్రం ప్రకటించింది. అయితే రాయితీ అప్పును తగ్గిస్తుందే గాని బిల్లు ఆలస్యాన్ని తగ్గించదు. నగర పాలక సంస్థ రెండు నెలల బిల్లు నిలిపితే పెద్ద యంత్రం యజమానికి రెండు లక్షల రూపాయల వాయిదా మీద పడుతుంది. చిన్న పెట్టుబడిదారును కుంగదీయడానికి అది చాలు.

శక్తికీ పరిమితులున్నాయి

జెట్టింగ్ ఎంత శక్తిమంతమైనదైనా కొన్ని పనులు దానికి సాధ్యం కావు. లైనులో చేరిన గుడ్డలు, ప్లాస్టిక్, రాళ్లు, భవన శిథిలాలు నీటి ధారకు లొంగవు. వాటిని పట్టి పైకి లాగాలి. వాక్యూం పంపు విషయంలో ప్రకృతే హద్దు గీసింది. సముద్ర మట్టం వద్ద ఎంతటి వాక్యూం పంపైనా నిండు నీటి స్తంభాన్ని పది మీటర్లకు కాస్త పైబడి మాత్రమే లేపగలదు. ఆచరణలో అది ఇంకా తక్కువ. గాలిని వేగంగా లాగే భారీ యంత్రాలు మురుగును గాలితో కలిపి అంతకన్నా లోతు నుంచి తీయగలవు గాని వాటి ఖరీదు, పరిమాణం వేరు. తిరువనంతపురానికి చెందిన జెన్‌రోబోటిక్స్ సంస్థ రూపొందించిన ‘బ్యాండికూట్’ రోబో 2018లో కేరళలో రంగంలోకి దిగడానికి ఇదే కారణం. పైన నిలబడిన కార్మికుడు నియంత్రిస్తుంటే దాని చేయి లోపలికి దిగి పూడికను తొట్టిలో ఎత్తుతుంది.

కనుక ఒక భారీ యంత్రం స్థానంలో వేర్వేరు పనులకు వేర్వేరు యంత్రాలు సమకూర్చుకోవడమే వివేకం అనిపించుకుంటుంది. ఒకే పెట్టుబడితో ఒక పెద్ద యంత్రం గానీ, రెండు చిన్న యంత్రాలు గానీ వస్తాయనుకుంటే రెండవదాని వైపు మొగ్గడానికి ఒక బలమైన కారణం ఉంది. ఏ యంత్రమైనా ఏదో ఒక రోజు చెడుతుంది. ఒక్కటే ఉన్నచోట అది షెడ్డులో ఉన్న రోజే లైను పొంగితే మనిషిని దింపాలన్న ఒత్తిడి వస్తుంది. రెండు ఉన్నచోట రెండవది ఆ ఒత్తిడిని అడ్డుకుంటుంది.

అలాగని పెద్ద యంత్రాలను తోసిపుచ్చడం సబబు కాదు. అరమీటరు మించిన వ్యాసం గల ప్రధాన లైన్లలో ఏళ్ల తరబడి పేరుకున్న ఇసుకను కదిలించడానికి చిన్న పంపు ప్రవాహం చాలదు. హోటళ్లు అధికంగా ఉన్న వీధులలో గడ్డకట్టిన కొవ్వుకు అధిక పీడనం కావాలి. వానాకాలానికి ముందు ప్రధాన లైన్ల పూడిక తీయకపోతే సందు లైన్లు ఎంత శుభ్రంగా ఉన్నా నీరు వెనుకకు తన్నుతుంది. ఈ భారీ యంత్రాలను చిన్న యజమాని నెత్తిన రుద్దకుండా నగర పాలక సంస్థలే స్వయంగా కొని, వార్డుల మధ్య పంచుకునే ఏర్పాటు చేసుకోవడం మేలు.

యంత్రం మార్చదలచినవారు ముందుగా తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. తమ పరిధిలోని లైన్లలో ఎంత భాగం ఏ వ్యాసం గలది? అతి ఇరుకైన సందు వెడల్పెంత? నీళ్లు నింపే చోటు ఎంత దూరం? చెల్లింపు మీటరుకా, నెలకా? పీల్చిన వ్యర్థాన్ని ఎక్కడ పారబోయాలి? ఈ యంత్రం చెడిన రోజు బదులు వచ్చేది ఏది? వీటికి సమాధానాలు దొరికిన తరువాతనే బార్లు, అశ్వశక్తుల ప్రస్తావన అర్థవంతమవుతుంది.

టెండర్లు పిలిచే అధికారులకు కూడా ఈ ప్రశ్నలు వర్తిస్తాయి. కనీస పీడనం ఇంత ఉండాలని రాసే నిబంధన పక్కనే, వాహనం గరిష్ఠ వెడల్పు ఇంతకు మించరాదని, ఫిర్యాదు అందిన ఇన్ని గంటలలో ఇరుకు సందులోనూ పని మొదలు కావాలని, చెడిన యంత్రానికి బదులు ఇంకొకటి తప్పక రావాలని రాయడం అవసరం. సందు లైన్లకు మీటరు రేటు ఎక్కువగా నిర్ణయిస్తే యజమానులు అటు మొగ్గుతారు. కార్మికులకు వాయువును పసిగట్టే పరికరం, శిక్షణ, బీమా కాంట్రాక్టులో భాగం కావాలి. జెట్టింగ్ జరిగేటప్పుడు మాన్‌హోల్ అంచున నిలబడినవారికి కూడా వాయువు ప్రమాదం ఉంటుందని మరువరాదు.

దేశంలో మురుగు శుద్ధి యంత్రాల సంఖ్య గతం కంటే పెరిగిందనడంలో సందేహం లేదు. వాటి శక్తి కూడా పెరగవలసిందే. కాగా ఆ శక్తిని ప్రధాన రహదారిపై నిలిపిన లారీ మీద రాసిన అంకెలతో కొలిస్తే ప్రయోజనం లేదు. నగరంలోని చిట్టచివరి సందులో ఉన్న మాన్‌హోల్ మూత తెరిచినప్పుడు అందులోకి దిగేది గొట్టమా, మనిషా అన్నదే సరైన కొలమానం. కొత్త యంత్రానికి చెక్కు రాసే యజమాని, దాని టెండరుపై సంతకం చేసే అధికారి ఇద్దరూ ఆ కొలమానంతోనే నిర్ణయం తీసుకోవాలి.